పూర్వనామం, లిఖితనామం: బౌద్ధుల పేరు మార్పుపై ఒక చారిత్రక పరిశీలన

భారత ప్రభుత్వ గెజెట్టు నాలుగవ భాగంలో వారం వారం పేరు మార్పు ప్రకటనలు వస్తూ ఉంటాయి. వాటి రచన అంతా ఒకే మూసలో ఉంటుంది. ఇదివరకు ఫలానా పేరుతో వ్యవహరింపబడిన, ఫలానా వారి కుమారుడనైన లేక కుమార్తెనైన నేను, ఇకమీదట ఫలానా పేరుతో వ్యవహరింపబడతానని ఒకరు ప్రకటిస్తారు. ఆ ప్రకటన కొత్త పేరును ఇవ్వడమే కాక పాత పేరును కూడా శాశ్వతంగా అచ్చు వేస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. పాత పేరు వదిలించుకొనడానికి గెజెట్టుకు వెళ్ళినవాడు, ఆ పాత పేరును దేశమంతా చదవదగిన చోట వ్రాయించి వస్తాడు. చట్టం దృష్టిలో పేరు మార్పు అంటే ఒక పేరు పోయి మరొకటి రావడం కాదు. రెండు పేర్లూ ఒకే మనిషివని ముడివేయడం.

ఆ ప్రకటనలలో బౌద్ధులవి కూడా కనిపిస్తాయి. కుల సూచకమైన ఇంటిపేరును వదలి గౌతమ్ అనో, బౌద్ధ అనో, బోధి అనో పెట్టుకొన్నవారు, పిల్లలకు సిద్ధార్థ, రాహుల, సుజాత వంటి పేర్లు స్థిరపరచదలచినవారు. వారి కోరికకు, చట్టం వేసే ఈ ముడికి మధ్యనున్న పెనుగులాట ఈనాటిది కాదు. త్రిపిటక కాలం నుండి అది ఉన్నది. బౌద్ధ సంఘం పేర్ల విషయంలో ఏమి చేసింది, ఏమి చేయలేకపోయింది అన్నది ఆ దృష్టితో ఒకసారి చూడడం అవసరం.

అంగుత్తర నికాయంలోని పహారాద సుత్తంలోనూ, ఉదానంలోనూ ఒక ప్రసిద్ధమైన ఉపమానం ఉన్నది. గంగ, యమున, అచిరవతి, సరభు, మహి అనే మహానదులు సముద్రాన్ని చేరిన తరువాత వాటి పూర్వపు పేర్లు పోయి, అంతా మహాసముద్రమనే వ్యవహారం కలుగుతుంది. అట్లే క్షత్రియ, బ్రాహ్మణ, వైశ్య, శూద్రులనే నాలుగు వర్ణాలవారు తథాగతుని శాసనంలో ప్రవ్రజితులైనప్పుడు తమ పూర్వ నామగోత్రాలను విడిచి శాక్యపుత్రీయ శ్రమణులని మాత్రమే పిలువబడతారు. ఈ సుత్తాన్ని ఉదాహరించని బౌద్ధ ఉపన్యాసం మన ప్రాంతంలో అరుదు. కాని దీనిని ఉదాహరించేవారు తరచుగా ఒక విషయం విస్మరిస్తారు. ఇక్కడ పోయేది వ్యక్తినామం కాదు.

పాళీ గ్రంథాలలో ప్రవ్రజ్య పొందినవారిని వరుసగా చూస్తే ఇది స్పష్టమవుతుంది. శాక్యుల మంగలి ఉపాలి భిక్షువైన తరువాత కూడా ఉపాలియే. వాడిన పూలు ఎత్తిపోసే పని చేసిన సునీతుడు అర్హతుడైన పిమ్మట కూడా సునీతుడే. ఆనందుడు, అనురుద్ధుడు, భద్దియుడు అంతే. సంఘంలో చేరగానే కొత్త పాళీ పేరు ఇవ్వడమనే నేటి ఆచారం ఆదిలో నియమంగా కనిపించదు. మారినది పేరు చుట్టూ ఉండే మర్యాదా క్రమం. చుల్లవగ్గ కథనం ప్రకారం శాక్య కుమారులు తమ గర్వం అణగడానికి ఉపాలికి ముందుగా ప్రవ్రజ్య ఇమ్మని తామే బుద్ధుని కోరారు. అప్పుడు సీనియారిటీలో ఉపాలి పెద్దవాడవుతాడు, వారు అతనికి లేచి నమస్కరించవలసి వస్తుంది. ఉపాలి అనే పేరు మారలేదు. ఆ పేరు విన్నప్పుడు ఎవరు లేచి నిలబడాలో అది మారింది.

పేరుకూ పిలుపుకూ మధ్య తేడా ఆనాడే తెలిసినదని చెప్పడానికి మజ్ఝిమ నికాయంలోని రథవినీత సుత్తం చాలు. సారిపుత్తుడు, పుణ్ణుడు తొలిసారి కలిసి దీర్ఘంగా ధర్మచర్చ చేసి, చివరన ఒకరి పేరు ఒకరు అడుగుతారు. నా పేరు పుణ్ణుడు, సబ్రహ్మచారులు నన్ను మంతానిపుత్తుడంటారు అని ఒకరు చెబుతారు. నా పేరు ఉపతిస్సుడు, సబ్రహ్మచారులు నన్ను సారిపుత్తుడంటారు అని రెండవవారు చెబుతారు. ఇద్దరికీ రెండేసి పేర్లు. తల్లిదండ్రులు పెట్టినది ఒకటి, తోటివారు పిలిచేది మరొకటి. తోటివారు పిలిచే పేరు ఇద్దరి విషయంలోనూ తల్లి నుండి వచ్చినదే కావడం యాదృచ్ఛికం కాదు. మన శాతవాహన రాజులు గోతమీపుత్రులుగా, వాసిష్ఠీపుత్రులుగా శాసనాలు వేయించిన సంప్రదాయానికి ఇది దగ్గరి చుట్టం.

ఉపసంపద కర్మలో మాత్రం పేరు తప్పనిసరి. అభ్యర్థిని అడిగే ప్రశ్నలలో నీ పేరేమి, నీ ఉపాధ్యాయుని పేరేమి అన్నవి ఉన్నాయి. ఆ రెండు పేర్లూ సంఘం ఎదుట బిగ్గరగా ప్రకటించకపోతే కర్మ చెల్లదు. మహావగ్గలో ఈ సందర్భంలో ఒక చిన్న ఉదంతం ఉన్నది. మహాకస్సపుని శిష్యునికి ఉపసంపద ప్రకటన చేయడానికి ఆనందుని పిలిచారు. థేరుడు నాకు గురుతుల్యుడు, ఆయన పేరు నా నోట పలుకలేనని ఆనందుడు వెనుకాడాడు. అటువంటి చోట గోత్రనామంతో ప్రకటించవచ్చునని బుద్ధుడు అనుమతించాడు. పెద్దల పేరు పలుకకూడదన్న మన ఇళ్ళలోని సంకోచం ఆనందునిలోనూ ఉండినదని తెలిసినప్పుడు ఆయన మరింత దగ్గరివాడనిపిస్తాడు. ఇందులో చారిత్రకమైన విశేషం వేరే ఉన్నది. సముద్రంలో కలిసిన తరువాత పోయిందనుకొన్న గోత్రనామం, సంఘకర్మ చెల్లుబాటు కోసం మళ్ళీ పైకి వచ్చింది. గోత్రాన్ని గౌరవ చిహ్నంగా త్యజించవచ్చును గాని మనిషిని గుర్తుపట్టే సాధనంగా సంఘం సైతం వాడుకొన్నది.

అసలైన హద్దు రాజ్యం దగ్గర కనిపిస్తుంది. అంగులిమాలుని కథలో మనం చివరి భాగాన్ని ఎక్కువగా చదువుతాము. మధ్యలో వచ్చే రాజు సన్నివేశం న్యాయచరిత్ర దృష్ట్యా మరింత విలువైనది. ప్రసేనజిత్తు ఐదువందల గుర్రపు దళంతో దొంగను పట్టడానికి బయలుదేరి జేతవనంలో ఆగుతాడు. ఆ దొంగ తల గొరిగించుకొని కాషాయం ధరించి ఇక్కడే ఉంటే ఏమి చేస్తావని బుద్ధుడు అడుగుతాడు. నమస్కరించి, చీవరాదులు సమర్పించి, రక్షణ కల్పిస్తానని రాజు సమాధానం. బుద్ధుడు చేయి చాచి చూపించినప్పుడు రాజు మొదట వణికిపోయి, తేరుకొని, ఆ భిక్షువును అడిగిన ప్రశ్న ఇది: అయ్యవారి తండ్రి గోత్రమేది, తల్లి గోత్రమేది? తండ్రి గగ్గుడు, తల్లి మంతాని అని జవాబు. అక్కడి నుండి రాజు అతనిని గగ్గ మంతానిపుత్తుడని సంబోధిస్తాడు. వారంటు ఉన్నది అంగులిమాలుని పేర. సత్కారం జరిగినది గగ్గ మంతానిపుత్తునికి. అనగా రాజు ఒక పేరు మార్పు చేశాడు. ప్రవ్రజ్య ఇచ్చినది సంఘమైనా, నేరం అంటుకొన్న పేరు నుండి మనిషిని విడదీసినది రాజు నోటి మాట.

అయితే ప్రతి రాజూ జేతవనానికి రాడు. అంగులిమాలుని చూసి జనం బెదిరి తలుపులు వేసుకొన్నారని, నిందించారని, అందువల్ల పేరుమోసిన దొంగకు ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమం ఏర్పడినదని మహావగ్గ చెబుతున్నది. దానితోపాటు మరికొన్ని నిషేధాలు ఉన్నాయి. ఋణగ్రస్తునికి ప్రవ్రజ్య ఇవ్వరాదు. దాసునికి ఇవ్వరాదు. రాజభటునికి ఇవ్వరాదు, ఈ చివరిది బింబిసారుని సైనికులు సరిహద్దు యుద్ధానికి పోవడం ఇష్టంలేక భిక్షువులైన సందర్భంలో వచ్చినది, అప్పుడు రాజు న్యాయాధికారులు ఉపాధ్యాయునికి శిరచ్ఛేదం వరకు శిక్షలు చెప్పారు. ఈ నిషేధాలలో నా దృష్టిలో అన్నిటికంటె గమనించదగినది లిఖితక చోరునిది. ఇతడు ఎక్కడ కనిపిస్తే అక్కడ చంపవచ్చునని రాజాంతఃపురంలో ఎవరి పేరు వ్రాయబడి ఉన్నదో, అటువంటివానికి ప్రవ్రజ్య లేదు. వ్రాయబడినవాడు అన్నదే ఆ మాటకు అర్థం. నోటి పేరును సంఘం కరిగించగలదు. రాజుగారి పుస్తకంలోని పేరును కరిగించలేదు. ఈ రెండింటి తేడాను తొలి బౌద్ధులు వినయ నియమంగానే వ్రాసుకొన్నారు.

భారతదేశం వెలుపల ఈ ఉపమానానికి మరొక పరిణామం జరిగినది. చైనాలో తొలినాళ్ళ భిక్షువులు తమ గురువుల దేశాన్ని బట్టి ఇంటిపేరు పెట్టుకొనేవారు. పార్థియా వారిది ఆన్, భారతీయులది జూ, ఇట్లా. క్రీ.శ. 4వ శతాబ్దంలో దావో ఆన్ అనే ఆచార్యుడు, భిక్షువులందరిదీ శాక్యవంశమే కనుక అందరూ శాక్య శబ్దంలోని తొలి అక్షరానికి సమానమైన షి అనే ఇంటిపేరు ధరించాలని నిర్ణయించాడు. తరువాత ఏకోత్తరాగమం చైనా భాషలోకి వచ్చినప్పుడు అందులో నదుల ఉపమానం కనిపించి ఆయన నిర్ణయానికి ఆధారమైనది. వియత్నాం భిక్షువుల పేర్ల ముందు థిక్ అని ఉండడం ఆ సంప్రదాయమే. సింహళంలో ఇందుకు భిన్నంగా భిక్షువు పేరు ముందు పుట్టిన ఊరు చేరింది. విద్యోదయ పరివేణ స్థాపకులు హిక్కడువే సుమంగల థేరులు అట్లా హిక్కడువ ఊరివారు. మన ఇంటిపేర్లలో సగం ఊరి పేర్లే కనుక తెలుగు పాఠకునికి ఆ పద్ధతి కొత్తగా తోచదు.

తెలుగు నేలపై అమరావతి దాన శాసనాలు మరొక సంగతి చెబుతాయి. బుద్ధరఖిత, ధమరఖిత వంటి పేర్లు అక్కడ ధారాళంగా ఉన్నాయి, వాటిని చూసి మనవారు గర్విస్తారు. నన్ను ఎక్కువ ఆకర్షించేది విధికుని శాసనం. అతడు చమ్మకారుడు, అనగా తోలు పనివాడు. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. తల్లి, భార్య, సోదరులు, సంతానంతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానం చేశాడు. వృత్తిని శాసనంలో చెక్కించుకొనడానికి అతడు సంకోచించలేదు, తండ్రి ఉపాధ్యాయుడని చెప్పుకొనడానికీ సంకోచించలేదు. ఆ రెండు మాటలూ ఒకే పంక్తిలో పక్కపక్కన ఇమిడిన కాలం ఒకటి ఈ కృష్ణాతీరంలో ఉండినది. ఆ తరువాతి శతాబ్దాలలో అదే వృత్తినామం తిట్టుగా మారినది. పేరు తనంతట తాను మురికి కాదు, దాని మీద సమాజం పోసినదే మురికి; దానిని కడగడానికి ఏ నీరు పనికివస్తుందన్నదే ఆధునిక కాలపు ప్రశ్న.

ఆ ప్రశ్నకు తొలి సమాధానాలు 19వ శతాబ్దం చివర దక్షిణాదిలో పుట్టాయి. మద్రాసులో 1898లో శాక్య బౌద్ధ సంఘాన్ని స్థాపించిన పండిత అయోతీదాసర్ అసలు పేరు కాత్తవరాయన్. ఆయన తన గురువు పేరును స్వీకరించాడు. పేరును గురువు నుండి తీసుకొనడం బౌద్ధ వంశక్రమానికి తగినదే. హైదరాబాదులో మాదరి భాగయ్యగా 1888లో జన్మించినవారు భాగ్యరెడ్డి వర్మగా చరిత్రకెక్కారు. రెడ్డి అన్నది కుటుంబ గురువు వలన, వర్మ అన్నది ఆర్యసమాజ సంబంధం వలన చేరాయని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆయన నగరంలో బుద్ధ జయంతి సభలు జరిపినవారు. 1917 నవంబరులో విజయవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభగా పిలిచిన సభకు అధ్యక్షత వహించి, పంచమ అన్న మాటకు శాస్త్రాధారం లేదని, మేము ఈ నేల ఆదివాసులమని వాదించి, ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాసభగా మార్పించారు. సభకు వచ్చినవారు పంచములుగా వచ్చి ఆది ఆంధ్రులుగా వెళ్ళారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లను అధికారికంగా ఒప్పుకొన్నది. రాజుగారి పుస్తకంలో పేరు మార్పించిన తొలి సామూహిక విజయాలలో అది ఒకటి.

రాహుల్ సాంకృత్యాయన్ మార్గం వేరు. 1893లో కేదార్‌నాథ్ పాండేగా పుట్టి, వైష్ణవ సాధువుగా రామోదర్ దాసు అయి, 1930లో సింహళంలో భిక్షువై రాహులుడైనారు. బుద్ధుని కుమారుని పేరు పక్కన ఆయన నిలుపుకొన్నది సాంకృత్య గోత్రం. పాండే అన్న కులసూచకం పోయింది, గోత్రం మిగిలింది. అందుకు ఆయనను తప్పుపట్టనక్కరలేదు. అయితే అగ్రవర్ణం నుండి వచ్చినవానికి పాత పేరులోని ఒక ముక్క కొత్త పేరుకు అలంకారమవుతుంది. అంటరానివాడుగా చూడబడినవానికి ఆ సౌకర్యం లేదు.

ఈ తేడాను అందరికంటె సూటిగా చెప్పినవారు డాక్టర్ అంబేడ్కర్. 1936 మే 31న ముంబయిలో మహార్ మహాసభలో చేసిన ప్రసంగంలో ఆయన పేరు మార్పును గురించి ప్రత్యేకంగా మాట్లాడారు. మతం మార్చుకొనడం అంటే పేరు మార్చుకొనడమేనని ఆయన వాదం. చోఖామేళా, హరిజన వంటి పేర్లు పెట్టుకొన్నంత మాత్రాన పాత పేరుకు అంటిన మలినం కొత్త పేరుకూ అంటుతుంది, ఎందుకంటే అవి అదే సమాజం లోపలి పేర్లు. ముస్లిం, క్రైస్తవుడు, బౌద్ధుడు, సిక్కు అన్న పేర్లకు ఆ మలినం అంటదు, దాని మూలాన్ని ఎవరూ వెతకరు అని ఆయన భావించారు. ఇరవై ఏళ్ళ తరువాత 1956 అక్టోబరు 14న నాగపూరులో కుశీనగర భిక్షువు చంద్రమణి మహాస్థవిరుని వద్ద త్రిశరణ పంచశీలాలు స్వీకరించి, లక్షలాది అనుచరులకు 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ ప్రతిజ్ఞలలో వ్యక్తినామం మార్చుకొనమన్నది లేదు. ఉపాలి ఉపాలిగానే ఉన్నట్లు, నాగపూరు నుండి జనం అవే పేర్లతో ఇంటికి వెళ్ళారు. పోయినది కులనామం. ఆయన స్వయంగా అంబేడ్కరుగానే ఉన్నారు. సక్‌పాల్ వంశీకుడైన బాలునికి బడి పుస్తకంలో ఒక ఉపాధ్యాయుని ద్వారా చేరినదని జీవితచరిత్రలు చెప్పే పేరు అది. దేశచరిత్రలో ఇంత బరువైన పేరు ఒక బడి రిజిస్టరులో కలం పోటుతో ఏర్పడినదని తలచుకొంటే, పాఠశాల గుమాస్తాల పట్ల గౌరవమూ భయమూ రెండూ కలుగుతాయి.

1951 జనగణనలో మహారాష్ట్ర ప్రాంతంలో బౌద్ధులు 2,500 మందికి మించలేదు. 1961లో 27 లక్షల 89 వేలు దాటారు. ఒక దశాబ్దంలో ఇంతమంది రాజుగారి పుస్తకంలో తమ వరుస మార్పించుకొనడం ప్రపంచ మతచరిత్రలోనే అరుదు. కాని పుస్తకం ఒకటి కాదు, రెండు. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను చేర్చారు. బౌద్ధుడనని వ్రాయించుకొన్నవానికి జనగణనలో చోటు దొరికింది, కేంద్ర రిజర్వేషనులో చోటు పోయింది. మహారాష్ట్ర ప్రభుత్వం తన పరిధిలో కొన్ని రాయితీలు కొనసాగించినా కేంద్రంలో తలుపు 34 ఏళ్ళు మూసే ఉన్నది.

1962 ఎన్నికలలో మహారాష్ట్రలోని ఒక రిజర్వుడు స్థానం నుండి గెలిచిన అభ్యర్థి బౌద్ధం స్వీకరించాడన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అతడు దీక్ష శాస్త్రోక్తంగా పొందాడా లేదా అన్నది ముఖ్యం కాదని, తాను ఇక హిందువును కానని బహిరంగంగా ప్రకటించాడా అన్నదే ముఖ్యమని న్యాయస్థానం తేల్చి, ఎన్నిక చెల్లదన్నది. రాజ్యాంగం 25వ అధికరణ వివరణలో హిందువు అన్న మాటకు బౌద్ధుడు కూడా చేరి ఉన్నాడన్న వాదనను ఈ ఉత్తర్వుకు వర్తింపజేయడానికి అంగీకరించలేదు. ఫలితం విచిత్రం. 1955 హిందూ వివాహ చట్టానికి, 1956 మైనారిటీ, సంరక్షకత్వ చట్టానికి బౌద్ధుడు హిందువుతో సమానం. షెడ్యూల్డు కులాల ఉత్తర్వుకు హిందువు కాడు. పెళ్ళికి ఒక పేరు, ఉద్యోగానికి మరొక పేరు. సారిపుత్తుని రెండు పేర్లకు నవ్వే చోటు ఉన్నది, ఇక్కడ లేదు.

1990లో పార్లమెంటు ఉత్తర్వును సవరించి హిందువు, సిక్కు పక్కన బౌద్ధుని చేర్చింది. అప్పటి నుండి కొత్త చిక్కు. షెడ్యూల్డు కుల ధ్రువపత్రం కావలసిన బౌద్ధుడు, మతం కాలములో బౌద్ధమని, కులం కాలములో తాను విడిచిన పాత కులం పేరునే వ్రాయించాలి. తండ్రి కాలంలోనే కులం పేరు మానేసి బడిలో బౌద్ధ అని మాత్రమే వ్రాయించిన కుటుంబాల పిల్లలు, తాత నాటి రికార్డు వెతికి కులం రుజువు చేసుకొనవలసి వస్తుంది. అంబేడ్కర్ ఆశించినట్లు బౌద్ధుడన్న పేరుకు మలినం అంటకుండా ఉండలేదని కూడా ఒప్పుకొనాలి. నవబౌద్ధుడన్న మాట కొద్ది సంవత్సరాలలోనే మర్యాదగా కులం అడిగే పద్ధతిగా మారినది. నవ అన్న విశేషణం పుట్టు బౌద్ధులకు ఎవరూ తగిలించరు.

ఆంధ్రప్రాంతానికి ఈ పరిస్థితి అపరిచితం కాదు. ఆ మూడవ పేరా క్రైస్తవులను నేటికీ బయటే ఉంచినందువల్ల, చర్చిలో ఒక పేరు, బడి పుస్తకంలో మరొక పేరు గల కుటుంబాలు కోస్తా జిల్లాలలో తరతరాలుగా ఉన్నాయి. బౌద్ధులకు 1990 తరువాత ఆ దాపరికం అవసరం లేకపోయినా, భయం ఇంకా పోలేదు. పిల్లవానికి బుద్ధుని పేరు పెడితే రేపు ధ్రువపత్రానికి అడ్డు వస్తుందా అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. చట్టం ప్రకారం రాదు. పేరు వేరు, మతం వేరు, కులం నమోదు వేరు. ఒకదానిని మార్చడం రెండవదానిని మార్చదు. మరొక ప్రశ్న ఇంతకంటె లోతైనది. కులం కాలములో పాత పేరు వ్రాయించడం ధర్మానికి ద్రోహమా? కాదని నా అభిప్రాయం. ఆ కాలము మనిషిని పిలిచే పేరు కాదు. అతని పూర్వికులకు జరిగిన నష్టం నమోదైన చోటు. లిఖితక నియమం చేసిన సంఘానికి ఈ తేడా తెలుసు. నష్టపరిహారం రాజు ఇవ్వవలసి ఉండగా, నష్టం వ్రాసిన పుటను మనమే చింపివేయడం త్యాగమనిపించుకొనదు. సంఘంలో, ఇంటిలో, శుభలేఖలో, సమాధి ఫలకం మీద ఆ పేరు ఉండనక్కరలేదు.

ఇక నేటి విధానం. మన దేశంలో పేరు మార్పుకు ప్రత్యేక శాసనమంటూ లేదు. ఆచారంగా స్థిరపడిన మూడు మెట్లు ఉన్నాయి. పాత పేరు, కొత్త పేరు, కారణం తెలుపుతూ నోటరీ లేక మేజిస్ట్రేటు ఎదుట అఫిడవిట్టు, పత్రికలలో ప్రకటన, ఆపైన కేంద్ర లేక రాష్ట్ర గెజెట్టులో ప్రచురణ. మైనరు విషయంలో దరఖాస్తు తల్లిదండ్రులు లేక సంరక్షకులు చేస్తారు. గెజెట్టు ప్రతి చేతికి వచ్చిన తరువాత ఆధారు, పాను, పాస్‌పోర్టు, బ్యాంకు వంటివన్నీ ఒక్కొక్కటిగా మార్పించుకొనాలి. గెజెట్టు తనంతట ఏ రిజిస్టరునూ సవరించదు.

పిల్లల విషయంలో తొందరపడడం మేలు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షను ప్రకారం పేరు లేకుండా జననం నమోదు చేయించి, తరువాత పేరు చేర్పించవచ్చును. 12 నెలల లోపు రుసుము లేదు, ఆ తరువాత రుసుముతో 15 ఏళ్ళ వరకు నియమాలు అనుమతిస్తాయి. ఒకసారి పేరు చేర్చిన తరువాత మార్చడం కష్టం, ఎందుకంటే 15వ సెక్షను పొరపాట్ల సవరణకు ఉద్దేశించినది గాని మనసు మార్పుకు కాదు. 2023 సవరణ తరువాత, ఆ ఏడు అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడి ప్రవేశం మొదలు ఓటరు జాబితా వరకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి, స్థలానికి ఆధారమైనందువల్ల ఆ మొదటి పుట విలువ మరింత పెరిగింది. నామకరణం విహారంలో భంతే చేత చేయించుకొనేవారు పరిత్త పాఠం ముగిసిన వారంలోనే పురపాలక లేక పంచాయతీ కార్యాలయానికి వెళ్ళడం మంచిది.

బడి ధ్రువపత్రాలు అన్నిటికంటె మొండివి. 2021లో కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలికి సంబంధించిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు, పేరు వ్యక్తి భావప్రకటనలో భాగమని, మండలి మార్పులను గుడ్డిగా నిరాకరించరాదని చెప్పింది. అయితే ఇష్టపూర్వకంగా స్వీకరించిన కొత్త పేరు విషయంలో న్యాయస్థానపు ప్రకటన, గెజెట్టు ప్రచురణ వంటి షరతులు పెట్టడానికి అవకాశమిచ్చి, సాధారణంగా పాత వివరం కూడా రికార్డులో నిలిచి ఉండాలన్నది. మళ్ళీ ఆ ముడియే. 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన మరొక వ్యాజ్యంలో, భర్త మరణించి పునర్వివాహం చేసుకొన్న తల్లి తన బిడ్డ ఇంటిపేరును నిర్ణయించగలదని, రెండవ భర్తను రికార్డులలో సవతి తండ్రిగా చూపమన్న హైకోర్టు ఆదేశం బిడ్డ మనసుకు క్రూరమైనదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. సంరక్షకత్వ చట్టం బౌద్ధులకూ వర్తించేదే కనుక ఈ తీర్పు మన తల్లులకూ ఉపయోగిస్తుంది. మంతానిపుత్తుడు, సారిపుత్తుడు తల్లి పేరుతో పిలువబడిన సంప్రదాయంలో ఇందుకు ఆశ్చర్యపడవలసినది లేదు.

పేరుతోపాటు మతం కూడా నమోదు చేయించదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకొనాలి. కేంద్ర గెజెట్టులో మత మార్పు ప్రకటనకు విడిగా నమూనా ఉన్నది. పేరు మార్పు ప్రకటనలో బుద్ధుని పేరు ఉన్నంత మాత్రాన అది మతప్రకటనగా చెల్లదు. కొన్ని రాష్ట్రాలలో మతం మారడానికి ముందే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి; గుజరాత్ ప్రభుత్వం 2024లో, బౌద్ధం వేరు మతమే కనుక దీక్షకు కూడా ఆ అనుమతి తప్పదని సర్క్యులరు జారీ చేసింది. రెండూ కోరేవారు రెండు దరఖాస్తులు పెట్టి, రెండు గెజెట్టు ప్రతులనూ కుల ధ్రువపత్రపు నకలుతో కలిపి ఒకే చోట భద్రపరచుకొనాలి.